పేరు చెప్పవలసింది బండివాడా, కంపెనీయా?

(నేలకొండపల్లి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వ్యాపార సంస్థలు రాజకీయాలకు ఇచ్చే విరాళాలను, అందులోనూ ఒక వర్గపు హక్కులకు వ్యతిరేకంగా ఖర్చయ్యే విరాళాలను, ప్రజలకు తెలియజేయాలా వద్దా అన్నది ఈ రోజు మాకిచ్చిన అంశం. వినడానికి ఇది ఢిల్లీలోనో ముంబయిలోనో మాట్లాడుకోవలసిన విషయంలా ఉంటుంది. కాని లెక్కల మాట మాట్లాడుకోవడానికి నేలకొండపల్లి కంటే తగిన ఊరు మాకు కనబడలేదు.

ఇది కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా కొలువులో ఆయన తహసీల్దారు. శిస్తుగా వసూలైన సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, ఆ లెక్క తేలనందుకు గోల్కొండ చెరసాల పాలయ్యాడన్నది ఇక్కడి పసిపిల్లలకు కూడా తెలిసిన కథ. ఆ చెరసాలలో పాడినదిగా చెప్పే ఒక కీర్తనలో రామునికి, సీతమ్మకు, తమ్ములకు చేయించిన నగలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి, దేనికెంత అయిందో మొహరీలతో సహా ఏకరువు పెట్టాడు. కోపంతో చెప్పాడో దుఃఖంతో చెప్పాడో గాని లెక్క మాత్రం చెప్పాడు. తానీషాను కూడా ఈ ప్రాంతపు జనం దుర్మార్గుడిగా తలచుకోరు. శ్రీరామనవమికి సర్కారు నుండి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీని ఆయన పేరు మీదనే చెప్పుకుంటారు. ఆనాడు ప్రజల సొమ్ము దేవుని గుడికి వెళ్లినా సరే, లెక్క ఏదని అడిగారు. మన కాలంలో వ్యాపారుల సొమ్ము ప్రభుత్వాలు నడిపే పార్టీలకు వందల కోట్లలో వెళ్లింది. ఎవరిచ్చారని అడిగితే అది గోప్యమని ఏకంగా చట్టమే చేశారు.

ఆ చట్టం సంగతికి వచ్చే ముందు అమెరికాలో జరిగిన ఒకటి రెండు విషయాలు చెప్పవలసి ఉన్నది. ఈ ప్రశ్న ఈ రూపంలో గట్టిగా లేచింది అక్కడే.

2010 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు, ఎన్నికల ప్రచారం మీద కంపెనీలు తమ సొమ్మును స్వతంత్రంగా ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చునని తీర్పు చెప్పింది. కొద్ది నెలలకే మిన్నెసోటా రాష్ట్రంలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ 'మిన్నెసోటా ఫార్వర్డ్' అనే ప్రచార సంఘానికి 1,50,000 డాలర్ల విలువైన విరాళం ఇచ్చింది. ఆ సంఘం గవర్నరు పదవికి టామ్ ఎమ్మర్ అనే అభ్యర్థిని బలపరచింది. పన్నులు తగ్గించి వ్యాపారానికి అనుకూలంగా ఉంటాడని బలపరచామన్నది సంస్థ వాదన. కాని ఆ అభ్యర్థి స్వలింగ వివాహాలకు గట్టి వ్యతిరేకి. అదే సంస్థ స్వలింగ సంబంధాలు గల ఉద్యోగులను గౌరవంగా చూస్తానని చెప్పుకుంటూ వచ్చింది. విషయం బయటికి రావడంతో ఉద్యోగులు నిలదీశారు, కొనుగోలుదారులు దుకాణాలను బహిష్కరించారు. ఆగస్టులో సంస్థ అధిపతి తన ఉద్యోగులకు క్షమాపణ చెప్పుకున్నాడు.

విషయం ఎలా బయటికి వచ్చిందో గమనించండి. దాన్ని ఎవరూ దొంగచాటుగా తవ్వి తీయలేదు. అలాంటి విరాళాలను ప్రకటించి తీరాలని ఆ రాష్ట్ర చట్టంలో ఉన్నందువల్లనే తెలిసింది. చట్టం లేకుంటే అటు రంగుల జెండా, ఇటు చెక్కు, రెండూ సాగిపోయేవి.

ఇక్కడ మనలో చాలామందికి ఒక ఇబ్బంది కలుగుతుంది. దానిని దాటవేయదలచుకోలేదు. స్వలింగ వివాహాన్ని మన ధర్మశాస్త్రం అంగీకరించదు. మరి దానిని వ్యతిరేకించే వారికి ఏదో ఒక కంపెనీ సొమ్ము ఇచ్చిందంటే మనకు వచ్చే నష్టమేమిటి, ఆ పేరు బయట పెట్టమని మనమెందుకు అడగాలి అని కొందరు పెద్దలు మమ్మల్ని ముందే అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

మా సమాధానం ఇది. కంపెనీ మనలా ఒక విశ్వాసంతో విరాళం ఇవ్వదు. పై ఉదాహరణలో టార్గెట్‌కు కావలసింది పన్నుల తగ్గింపు. ఆ అభ్యర్థితో పాటు అతని మిగతా అభిప్రాయాలు కూడా ఆ సొమ్ముతోనే బలపడ్డాయి. మన దేశంలో ఒక కంపెనీ ఏదో కాంట్రాక్టు కోసమో, ఏదో అనుమతి కోసమో ఒక పార్టీకి సొమ్మిస్తే, ఆ పార్టీ సభలలో మన మసీదుల మీద, మన పెళ్లిళ్ల మీద, మన తిండి మీద పలికే మాటలకు కూడా మైకు ఖర్చు అందులో నుంచే వస్తుంది. ఈ రోజు మనకు నచ్చని వారికి వ్యతిరేకంగా వెళ్లిన సొమ్మును కప్పిన ముసుగే రేపు మనకు వ్యతిరేకంగా వెళ్లే సొమ్మునూ కప్పుతుంది. మనకు నచ్చిన చోట ముసుగు ఉండాలి, నచ్చని చోట తీయాలి అని అడిగే హక్కు మనకు లేదు. అడిగినా ఎవరూ వినరు.

మరొక మాట. గుప్తదానం మన ధర్మంలో పుణ్యకార్యం కదా, ఇచ్చిన వాడి పేరు దాచితే తప్పేమిటి అని కూడా కొందరంటారు. పేదవాడికి ఇచ్చే దానం దాచి ఇవ్వడం మేలన్నది నిజమే. అక్కడ దాచేది తీసుకునేవాని పరువును. అధికారంలో ఉన్నవానికి ఇచ్చేది దానం కాదు. దీని మీద మనకు స్పష్టమైన హదీసు ఉన్నది, బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. అజ్ద్ తెగకు చెందిన ఇబ్నుల్ లుత్బియ్యా అనే ఆయనను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) జకాత్ వసూలుకు పంపారు. తిరిగి వచ్చి ఆయన కొంత సొమ్మును అప్పగించి, మిగిలినది తనకు కానుకగా వచ్చిందన్నాడు. దైవప్రవక్త మింబర్ మీదికి వెళ్లి, ఆ మనిషి తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చొని ఉంటే ఆ కానుక వచ్చేదో లేదో చూడవలసిందని అందరి ముందూ అన్నారు. ఇంటి లోపలికి పిలిచి చెవిలో చెప్పలేదు.

ఒక కంపెనీ ఒక పార్టీకి ఇచ్చిన సొమ్మును తూచడానికి ఇంతకంటే మంచి తక్కెడ మాకు కనబడలేదు. ఆ పార్టీ అధికారంలో లేకుంటే, వచ్చే ఆశ కూడా లేకుంటే, ఆ సొమ్ము వెళ్లేదా?

ఇప్పుడు మన దేశానికి వస్తాము. కంపెనీలు పార్టీలకు చందాలివ్వడం కొత్తది కాదు, దాని మీద భయమూ కొత్తది కాదు. 1957లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ రాజకీయ నిధికి విరాళాలు ఇచ్చేందుకు వీలుగా తన నిబంధనావళిని మార్చుకోదలచినప్పుడు, ఆ వ్యాజ్యం బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా చట్టం అడ్డు చెప్పడం లేదు గనుక అనుమతించారు. అనుమతిస్తూనే, పెద్ద కంపెనీల ధనం ప్రజాస్వామ్యాన్ని మింగివేసే ప్రమాదం ఉన్నదనీ, పార్లమెంటు దీనిని ఆలోచించాలనీ హెచ్చరించారు. 1960లో కంపెనీల చట్టాన్ని సవరించి ఇంతకు మించి ఇవ్వరాదని పరిమితి పెట్టారు, ఎవరికి ఎంత ఇచ్చారో లాభనష్టాల ఖాతాలో చూపాలన్నారు. 1969లో అసలు చందాలనే నిషేధించారు, 1985లో తిరిగి అనుమతించారు. 2013 నాటి కొత్త చట్టం గడచిన 3 సంవత్సరాల సగటు నికర లాభంలో 7.5 శాతం దాటరాదన్నది. పరిమితి మారుతూ వచ్చినా, చందా ఇవ్వనిచ్చిన కాలంలో పార్టీ పేరు చూపాలన్న నియమం మాత్రం నిలిచే ఉన్నది.

2017 ఫైనాన్సు చట్టం ఆ నియమాన్ని తుడిచివేసింది. పరిమితి పోయింది, నష్టాలలో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వవచ్చునన్నారు, పార్టీ పేరు చూపనక్కరలేదన్నారు. 2018 జనవరి 2న ఎన్నికల బాండ్ల పథకం ప్రకటించారు. స్టేట్ బ్యాంకులో వెయ్యి రూపాయల నుండి కోటి రూపాయల వరకు బాండ్లు కొనవచ్చు, 15 రోజులలో పార్టీ దానిని నగదు చేసుకోవాలి, ఇచ్చిన వారి పేరు ప్రజలకు చెప్పరు. పేరు చెబితే దాతను ప్రత్యర్థులు వేధిస్తారన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అయితే కొనేవారి వివరాలు బ్యాంకు దగ్గర ఉంటాయి, బ్యాంకు ప్రభుత్వానిది. మామూలు కంటికి కనబడని ఒక అంకె కూడా బాండు మీద ఉన్నదని ఒక జర్నలిస్టు ప్రయోగశాలలో పరీక్ష చేయించి బయట పెట్టారు. అంటే తెలియకుండా పోయింది వోటరుకే.

2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. కంపెనీల చట్టానికి చేసిన సవరణలూ పోయాయి. పేర్లు ఇవ్వడానికి జూన్ 30 దాకా, అంటే ఎన్నికలు అయిపోయే దాకా, గడువు కావాలని బ్యాంకు అడిగింది. మార్చి 11న కోర్టు కాదన్నది. మార్చి 14న ఎన్నికల సంఘం జాబితాలు ప్రచురించింది, ఏ బాండు ఏ పార్టీకి చేరిందో చెప్పే అంకెలు మార్చి 21 తరువాత వచ్చాయి. పథకం నడిచినంత కాలం అమ్మిన బాండ్ల విలువ 16,518 కోట్ల రూపాయలు. ప్రచురించిన జాబితా 2019 ఏప్రిల్ 12 నుండి మొదలవుతుంది. అందులో భారతీయ జనతా పార్టీకి 6,060 కోట్లు, తృణమూల్ కాంగ్రెసుకు 1,609 కోట్లు, కాంగ్రెసుకు 1,421 కోట్లు, ఒక్క తెలంగాణలోనే పరిపాలించిన బి.ఆర్.ఎస్.కు 1,214 కోట్లు చేరాయి. ఈ చివరి అంకెను మరొకసారి వినండి. దేశమంతటా ఉన్న కాంగ్రెసుకు దరిదాపుల్లో, మన ఒక్క రాష్ట్రపు పార్టీకి. సి.పి.ఎం. బాండ్లు పుచ్చుకోలేదు, పైగా కోర్టుకు వెళ్లిన వారిలో తానూ ఒకటి. ఖమ్మం జిల్లాలో ఆ మాట చెప్పకపోవడం అన్యాయం అవుతుంది.

ఇచ్చిన వారిలో మొదటిది లాటరీ వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. రెండవది మన హైదరాబాదు సంస్థ, మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. కాళేశ్వరం పంపుహౌసులు కట్టిన సంస్థ అది. 2017 జనవరిలో మన పాలేరు జలాశయం నుండి నీళ్లు ఎత్తిపోసిన భక్తరామదాసు పథకాన్ని ఏడాది లోపే పూర్తి చేసినదీ అదే. ఆ నీళ్లతో పండిన పొలాలు ఈ సభలో కూర్చున్న వారికీ ఉండవచ్చు. పని బాగా చేయలేదని మేము అనడం లేదు. ఆ సంస్థ బాండ్లలో 580 కోట్లకు పైగా కేంద్రంలోని పాలక పార్టీకి, 195 కోట్లు అప్పటి మన రాష్ట్ర పాలక పార్టీకి, 85 కోట్లు తమిళనాడు డి.ఎం.కె.కు, 37 కోట్లు ఆంధ్రప్రదేశ్ వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు వెళ్లాయి. తెలుగుదేశానికి, కాంగ్రెసుకు కూడా కొంత ముట్టింది. బాండు కొనడం నాటి చట్టం ప్రకారం నేరం కాదు. పార్టీల సిద్ధాంతాలకు ఒకదానితో మరొకదానికి పొత్తు లేదు, సొమ్ము మాత్రం అన్నిటికీ వెళ్లింది. ఇది నమ్మకంతో ఇచ్చిన విరాళమా, మరొకటా అన్నది ఇబ్నుల్ లుత్బియ్యా తక్కెడలో మీరే వేసి చూడండి. పేర్లు బయటికి రాకపోతే తూచే అవకాశమే మనకు ఉండేది కాదు.

ఈ గోప్యత ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నదే మా మనసును కలచివేసిన విషయం.

2024 జూలైలో, అంటే ఈ తీర్పు వచ్చిన అయిదు నెలలకు, ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో ఉన్న తినుబండారాల దుకాణాలు, పండ్ల బండ్లు, టీ కొట్లు తమ యజమానుల పేర్లు బోర్డు మీద రాయాలని ముజఫర్‌నగర్ పోలీసులు ఆదేశించారు. ఆ రాష్ట్ర ప్రభుత్వం దానిని యాత్ర దారి అంతటికీ విస్తరించింది. ఎందుకు రాయమన్నారో మీకు మేము విడమరచి చెప్పనక్కరలేదు. పేరు చదివితే మతం తెలుస్తుంది, మతం తెలిస్తే బేరం పోతుంది. జూలై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. శాకాహారమో మాంసాహారమో రాయమనండి, పేరు రాయమనకండి అన్నది. ఆ ధర్మాసనంలోని న్యాయమూర్తి ఎస్.వి.ఎన్. భట్టి మన తెలుగువారే. కేరళలో తాను శుభ్రత చూసి ఒక ముస్లిం నడిపే శాకాహార హోటలుకు వెళ్లేవాడినని విచారణ సమయంలో ఆయన చెప్పుకున్నారు.

అరటిపండ్ల బండివాడు కొనుగోలుదారుకు పేరు చెప్పి తీరాలట. 966 కోట్లు ఇచ్చిన కంపెనీ వోటరుకు పేరు చెప్పనక్కరలేదట. ఈ రెండు ఆదేశాలూ ఒకే దేశంలో కొద్ది నెలల తేడాలో నడిచాయి.

మన ధార్మిక, విద్యా సంస్థల సంగతి చూడండి. వక్ఫ్ ఆస్తికి ముతవల్లీగా ఉన్నవాడు ప్రతి సంవత్సరం లెక్కలు బోర్డుకు అప్పగించాలి. అది సబబే, అప్పగించని వారిని మేమూ నిలదీస్తూనే ఉన్నాము. అనాథాశ్రమానికో, ఆసుపత్రికో విదేశాల నుండి పైసా రావాలంటే అనుమతి కావాలి, 2020 సవరణ తరువాత అది ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ఒకే ఒక శాఖలో పడాలి, వచ్చిన దానిలో ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించరాదు. మరి పార్టీల సంగతి? బ్రిటన్‌కు చెందిన వేదాంతా అనుబంధ కంపెనీల నుండి విరాళాలు తీసుకొని కాంగ్రెస్, బి.జె.పి. రెండూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. శిక్ష పడలేదు. 2016లో విదేశీ కంపెనీ అన్న మాటకు అర్థాన్నే మార్చి 2010 నుండి వర్తింపజేశారు. అది చాలదని 2018లో 1976 దాకా వెనక్కి జరిపారు. తప్పు చేసిన తరువాత, నలభై ఏళ్లు వెనక్కి వెళ్లి దానిని ఒప్పు చేసుకునే సౌకర్యం మన మదరసాలలో ఏ ఒక్కదానికైనా ఉన్నదా?

ఇంతవరకు చెప్పినది సులువైన భాగం. కష్టమైన భాగం ఇక్కడి నుండి. కంపెనీల పేర్లు చెప్పించాలి అన్న మాట అందరి పేర్లూ చెప్పించాలి అన్నదాకా వెళితే మొదట దెబ్బతినేది మనమే.

1956లో అలబామా రాష్ట్రం, నల్లజాతివారి హక్కుల సంఘమైన ఎన్.ఎ.ఎ.సి.పి.ని తన సభ్యుల జాబితా అప్పగించమన్నది. ఆ జాబితా బయటికి పోతే సభ్యుల ఉద్యోగాలు పోతాయి, ఇళ్ల మీద దాడులు జరుగుతాయి. సంఘం నిరాకరించింది, లక్ష డాలర్ల జుర్మానా పడింది. 1958లో అమెరికా సుప్రీంకోర్టు జాబితా ఇవ్వనక్కరలేదని తీర్పు చెప్పింది. బలహీనులకు పేరు దాచుకోవడం కూడా ఒక రక్షణే. ఒక పట్టణంలోని మెకానిక్కో, దర్జీయో ఒక ప్రతిపక్ష పార్టీకి 500 రూపాయలు ఇచ్చాడని గోడ మీద అంటిస్తే ఏమవుతుందో ఊహించుకోవడానికి మనకు అలబామా దాకా వెళ్లవలసిన పని లేదు.

స్వలింగ వివాహాన్ని నిషేధించడానికి 2008లో కాలిఫోర్నియా రాష్ట్రంలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఇదే ప్రశ్న తలకిందులుగా వచ్చింది. అక్కడి చట్టం ప్రకారం 100 డాలర్లు ఇచ్చిన వారి పేరు, వృత్తి, పనిచేసే చోటు అన్నీ బయట పెట్టాలి. నిషేధం 52 శాతం వోట్లతో నెగ్గింది. తరువాత ఆ జాబితాలు పట్టుకొని దాతల మీద వేధింపులు జరిగాయని, పేర్లు తొలగించాలని నిషేధపక్షం కోర్టుకు వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. 70 లక్షల మందికి పైగా వోటు వేసి నెగ్గించిన పక్షాన్ని అలబామాలోని నల్లజాతివారితో పోల్చడం కుదిరే పని కాదు, నిజమే. అయినా 2014లో మొజిల్లా సంస్థకు ముఖ్య అధికారిగా నియమితుడైన బ్రెండన్ ఐక్, ఆరేళ్ల కిందట తన సొంత జేబు నుండి ఇచ్చిన 1,000 డాలర్ల కారణంగా రెండు వారాలు తిరగకుండానే పదవి వదులుకోవలసి వచ్చింది. ఆయన అభిప్రాయం తప్పా ఒప్పా అన్నది అటుంచండి. ఒక మనిషి తన విశ్వాసం కొద్దీ ఇచ్చిన చిన్న మొత్తానికి, ఒక కంపెనీ తన ఖజానా నుండి ఇచ్చిన మొత్తానికి ఒకే కొలత పెట్టడం మాకు సమ్మతం కాదు. 100 డాలర్ల గీత చాలా కింద గీసిన గీత.

మన సుప్రీంకోర్టు 2024 తీర్పులో ఈ తేడాను పట్టుకున్నది. ఏ పార్టీ పట్ల మొగ్గు ఉన్నదన్నది పౌరుని వ్యక్తిగత గోప్యతలో భాగమేనని ఒప్పుకున్నది. నిజమైన రాజకీయ అభిమానంతో ఇచ్చే విరాళానికి ఆ రక్షణ ఉంటుంది, ప్రభుత్వ విధానాన్ని ప్రభావితం చేయడానికి ఇచ్చే దానికి ఉండదు అన్నది. 20,000 రూపాయల లోపు ఇచ్చిన వారి పేర్లు పార్టీలు ఎన్నికల సంఘానికి చెప్పనక్కరలేదన్న పాత నియమం అలాగే ఉన్నది. అది ఉండాలనే మేము కోరుతున్నాము. ఆ లోపు మొత్తాలుగా పెద్ద సొమ్మును ముక్కలు చేసి చూపే పార్టీలను పట్టుకోవడం వేరే పని.

ఇక మా మాటలలో కొందరికి చేదుగా తోచే మాట ఒకటి ఉన్నది. 2013లో సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌ను నిలబెడుతూ, స్వలింగ సంబంధాలు గలవారు జనాభాలో అత్యల్పసంఖ్యాకులన్న కారణం కూడా చెప్పింది. ఆనాడు ఆ తీర్పును మనలో చాలామంది స్వాగతించారు. ఆ కారణాన్ని మాత్రం ఎవరూ గమనించలేదు. కొద్దిమందే ఉన్నారు గనుక వారి హక్కు లెక్కలోకి రాదు అన్న వాదన కోర్టు పుస్తకాలలో నిలిచిపోతే అది రేపు ఎవరి మీదికి తిరుగుతుంది? 2017లో గోప్యత హక్కు మీద 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తర్కాన్ని తప్పుపట్టింది, 2018 సెప్టెంబరు 6న 377లో ఆ భాగం పోయింది. మన తెలంగాణలోనే, నిజాం కాలం నాటి 1329 ఫస్లీ చట్టం హిజ్రాలను పుట్టు నేరస్థులుగా చూసి, వారి పేర్లను పోలీసు రిజిస్టరులో ఎక్కించమన్నది. హైకోర్టు దానిని 2023 జూలైలో కొట్టివేసింది. పేర్ల రిజిస్టరు ఎవరి మీద పెడతారో చూశారు కదా, ఎప్పుడూ బలహీనుల మీదే. ధర్మం ప్రకారం ఒక పనిని తప్పనడం వేరు, ఆ పని చేసే మనిషి పౌరహక్కును తీసివేయమనడం వేరు.

తప్పనదలచినప్పుడు మన సంస్థలు ఎలా అన్నాయో కూడా చెప్పుకోవాలి. 2009 నాటి ఢిల్లీ హైకోర్టు తీర్పుపై సుప్రీంకోర్టుకు వెళ్లిన వారిలో అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు ఉన్నది. 2023లో స్వలింగ వివాహాల కేసులో జమీయతె ఉలమాయె హింద్ తన వాదన వినిపించింది. ఆ వాదనలతో ఏకీభవించని వారు మనలోనూ ఉన్నారు. అయితే అవి తమ పేరుతో, తమ సంతకంతో, బహిరంగ న్యాయస్థానంలో చేసిన వాదనలు. ఎదుటివారు విని, సమాధానం చెప్పారు. ఒక కంపెనీకి ఏ వర్గపు హక్కు మీదనైనా అభ్యంతరం ఉంటే అదే దారిలో రమ్మంటున్నాము.

బాండ్లు పోయాయి గదా, ఇంకేమి అడగాలి అనుకోవద్దు. 2013 నుండి ఎలక్టొరల్ ట్రస్టులనే మరొక మార్గం ఉన్నది. అనేక కంపెనీలు ఒక ట్రస్టుకు సొమ్ము ఇస్తాయి, ట్రస్టు ఆ సంవత్సరం వచ్చిన దానిలో 95 శాతం పార్టీలకు పంచుతుంది. ఎవరిచ్చారో ఒక జాబితా, ఎవరికిచ్చారో మరొక జాబితా ఉంటాయి. ఇరవై కంపెనీల సొమ్ము ఒకే హండాలో పోసి అయిదు పార్టీలకు వడ్డించిన తరువాత, ఎవరి బియ్యం ఎవరి విస్తట్లో పడ్డాయో చెప్పడం కష్టం. ప్రతి కంపెనీ తన సొమ్ము ఏ పార్టీకి చేరిందో తానే చెప్పాలన్నది మా కోరిక. సంవత్సరం చివర కాకుండా ఎన్నికలకు ముందే చెప్పాలి. కాంట్రాక్టు టెండరు వేసే సంస్థ గడచిన అయిదేళ్ల చందాల వివరాన్ని టెండరు కాగితాలతో పాటే దాఖలు చేయాలని నియమం రావాలి.

మన వాళ్లలో షేర్లు కొనే కుటుంబాలు పెరుగుతున్నాయి. వడ్డీ, మద్యం లేని కంపెనీలను ఏరి షరీఅత్ సూచీలు, నిధులు నడుపుతున్నారు. మంచిదే. అయితే ఆ జల్లెడలో రాజకీయ చందా అన్న రంధ్రం లేదు. ఆ నిధుల నిర్వాహకులను దీని మీద ప్రశ్నించవలసిన సమయం వచ్చింది. ఉలమాలు కూడా దీనిపై అభిప్రాయం చెప్పాలి.

చివరగా ఒక పని. తీర్పు తరువాత కంపెనీలు ఏ పార్టీకి ఎంత ఇచ్చాయో లాభనష్టాల ఖాతాలో చూపవలసి ఉన్నది. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో 100 రూపాయలు చెల్లిస్తే ఏ కంపెనీ దాఖలు చేసిన కాగితాలనైనా చూడవచ్చు. పార్టీలు ఇచ్చే విరాళాల నివేదికలు ఫారం 24ఎ పేరుతో ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలో నీటిపారుదల, రోడ్ల పనులు చేసిన సంస్థల జాబితా ఒకటి తయారు చేసి, ఈ రెండు కాగితాలతో సరిపోల్చాలనుకుంటున్నాము. దీనికి బి.కాం. చదివిన పిల్లలు నలుగురైదుగురు కావాలి, ఆడపిల్లలైనా మగపిల్లలైనా సరే. రుసుము మేము కడతాము. ఏ సంస్థ పేరు వచ్చినా, అది ఏ పార్టీకి ఇచ్చినదైనా, మనవారి సంస్థే అయినా, వచ్చినది వచ్చినట్లు పత్రికలో అచ్చు వేస్తాము. సభ ముగిశాక ఈ బల్ల దగ్గరే ఉంటాము, పేర్లు ఇవ్వండి. ఈ పేర్లు మాత్రం బయట పెట్టము.